ఫోన్ అసలు మోడల్ ఏదో ఎట్ల తెలుసుకోవాలి?

మాది కడప. మా నాయన రెడ్‌మీ ఫోన్ డిస్‌ప్లే పగిలింది. మార్పిద్దామని ఏడు రోడ్ల దగ్గర షాపుకు పోతే, "ఉట్టి నోట్ 10నా, ప్రోనా, ప్రో మ్యాక్సా, ఎస్సా, టీనా?" అని అడిగినారు. ఒక్కోదానికి ఒక్కో డిస్‌ప్లే అంట. వెనక కంపెనీ పేరే ఉంది. బిల్లు లేదు, డబ్బా లేదు, స్క్రీన్ వెలగదు కాబట్టి సెట్టింగ్స్ చూడలేం.

పేర్లలోని అంకెలనైనా నమ్ముదామంటే, శాంసంగ్ 2019లో ఎస్10 తెచ్చి మరుసటేడే ఎస్20కి దూకింది. వన్‌ప్లస్ 4 అనే ఫోనే లేదు. రెడ్‌మీ నోట్ 10 ప్రో మ్యాక్స్ అని మన దగ్గర అమ్మినదాన్ని బయటి దేశాల్లో ఉట్టి ప్రో అన్నారు. ఇట్లయితే ఆన్‌లైన్‌లో పార్టు ఏ పేరుతో వెతకాల?

సిమ్ ట్రే మీద గానీ, గూగుల్ అకౌంట్‌లో గానీ ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు) దొరుకుతుందా? దాంతో మోడల్ నంబరు తేలుతుందా? తెలిసినవాళ్లు చెప్పండన్నా. మనవరాలితో వీడియో కాల్ మాట్లాడక నాయన దిగులుగా ఉన్నాడు.