అప్‌డేట్: వీఐపీ కణాలు కనిపించాయి

ఎలుక మెదడులో సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్‌ని (శరీర గడియారాన్ని నడిపే చిన్న కేంద్రం) వీఐపీ (వాసోయాక్టివ్ ఇంటెస్టినల్ పెప్టైడ్, న్యూరాన్లు సంకేతాలకు వాడే చిన్న ప్రోటీన్) యాంటీబాడీతో స్టెయిన్ చేస్తే తంతువులే తప్ప కణ దేహాలు సరిగ్గా కనిపించడం లేదని అడిగాను కదా. పెప్టైడ్ తయారయ్యాక ఆక్సాన్‌లోకి (న్యూరాన్ నుంచి సాగే పొడవాటి తంతువు) వెళ్లిపోతుందని, దాని తయారీకి సూచన మోసే ఎంఆర్‌ఎన్‌ఏ మాత్రం ఎక్కువగా కణ దేహంలోనే ఉంటుందని మీలో ఒకరు చెప్పారు. కాల్చిసిన్ అనే మందు ఇస్తే ఆ రవాణా ఆగుతుంది గానీ అది విషం, జంతువుని అంత బాధపెట్టడం నాకిష్టం లేదు. అందుకే ఇన్ సిటు హైబ్రిడైజేషన్ (ఎంఆర్‌ఎన్‌ఏకి అతుక్కునే ప్రోబ్‌తో కణాలను గుర్తించే పద్ధతి) చేశాను.

ఎంత స్పష్టంగా వచ్చిందో! ఆప్టిక్ కయాజమ్‌ని (రెండు కళ్ల నరాలు కలిసే చోటు) ఆనుకుని, కంటి నుంచి వచ్చే తంతువులు చేరే కింది భాగంలోనే వీఐపీ కణాలు గుంపుగా ఉన్నాయి. వాసోప్రెసిన్ అనే ఇంకో పెప్టైడ్ ఉన్న కణాలేమో వాటికి పైన, మూడో వెంట్రికల్ (మెదడు మధ్యలో ద్రవం ఉండే గది) వైపు. ఒక్కో పక్క సుమారు 10,000 న్యూరాన్లే ఉన్న చోట ఇంత పక్కా విభజన! తర్వాత గ్యాస్ట్రిన్ రిలీజింగ్ పెప్టైడ్ అనే మరో పెప్టైడ్‌కి ప్రోబ్ వేస్తాను. చాలా థ్యాంక్స్ అండీ.