ఆన్‌లైన్ ఆధారాలకు వ్యాఖ్యలతో గ్రంథసూచి: ఏం రాయాలి?

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని
నమస్కారం. 'కన్యాశుల్కం' పాఠభేదాలపై (వేర్వేరు ముద్రణల్లో మాటలు మారిన చోట్లపై) పరిశోధన చేస్తున్నాను. గ్రంథసూచిలో ప్రతి ఆధారం కిందా నాలుగైదు వాక్యాల వ్యాఖ్య రాయమని మా గైడుగారు అడిగారు. నా ఆధారాల్లో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని స్కాన్ ప్రతులు, వికీసోర్సు (పాఠకులే పుస్తకాలను టైపు చేసి దిద్దే సైటు) పుటలు, వెబ్ పత్రికల వ్యాసాలే. వీటికి లింకు ఇచ్చి, విషయాన్ని సంగ్రహంగా చెబితే సరిపోతుందా? చూసిన తేదీ తప్పనిసరా?

జవాబు – విశ్రాంత తెలుగు అధ్యాపకుడు
సంగ్రహం ఒక్కటే చాలదమ్మా. మీ అంశానికి ముందుగా తేలవలసింది మీరు చూసినది ఏ కూర్పు అన్నది. 1897 నాటి తొలి కూర్పును గురజాడ 1909లో ఎంతగా తిరగరాశారంటే, ఒకదానిలోని సంభాషణను రెండోదాని పేరిట ఉదహరిస్తే మీ వాదమే నిలవదు. సైటులో కనిపించే శీర్షికనూ సంవత్సరాన్నీ నమ్ముకోవద్దు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు వచ్చిన తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తప్పుల తడకగా ఉండటం మామూలే. ముఖపత్రం తెరిచి వివరాలు అక్కడినుంచే ఎత్తిరాసుకోండి. వ్యాఖ్య ఈ తీరుగా ఉండవచ్చు: "రెండో కూర్పుకు పునర్ముద్రణ. ముఖపత్రం ఉంది, పీఠికలో చివరి పుటలు లేవు. సంభాషణలను పోల్చడానికి పనికొస్తుంది, పీఠికపై చర్చకు పనికిరాదు." పరీక్షకులు వెతికేది ఈ చివరి వాక్యాన్నే.

జవాబు – గ్రంథాలయ ఉద్యోగిని
చూసిన తేదీ సంగతి, ఆధారాలను చూపడానికి మీ విశ్వవిద్యాలయం పాటించే శైలినిబట్టి ఉంటుంది. ఎంఎల్ఏ (మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలి పుస్తకం తొమ్మిదో కూర్పు దాన్ని ఐచ్ఛికంగా వదిలేసింది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి పుస్తకం ఏడో కూర్పు మారుతూ ఉండే పుటలకు మాత్రమే అడుగుతుంది. నన్నడిగితే ఎలాగూ రాసి ఉంచుకోవడమే మేలు. వికీసోర్సుకు మామూలు లింకు కాకుండా, మీరు చదివిన రూపాన్నే చూపే శాశ్వత లింకు ఇవ్వండి. అక్కడ ఒకరు అచ్చుతప్పులు దిద్దిన పుటకు పసుపు రంగు, మరొకరు మళ్ళీ సరిచూసిన పుటకు ఆకుపచ్చ రంగు ఉంటాయి. పాఠభేదాల పరిశోధనలో ఆ తేడాను వ్యాఖ్యలో తప్పక చెప్పాలి. వెబ్ పత్రికల వ్యాసాలను వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పుటల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సేవ) భద్రపరచి, ఆ లింకునూ జతచేయండి.

పరిశోధక విద్యార్థిని
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒకే కూర్పు స్కాన్‌గానూ, వికీసోర్సులోనూ దొరికితే రెండూ చూపాలా?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు
దేనినుంచి ఉదహరించారో దాన్నే చూపండి. వికీసోర్సు పాఠాన్ని వాడి, స్కాన్‌తో సరిచూసుకుని ఉంటే, ఏయే అంకాలు సరిచూశారో దాని వ్యాఖ్యలోనే రాయండి.