మనుషుల సంఖ్యకు భూమి హద్దు గీసిందా? సెయింట్ మాథ్యూ దీవి కథ మనకు వర్తిస్తుందా?

లెక్కలపంతులు:
పాపులేషన్ ఎకాలజీ చెప్పేటప్పుడు నేను ముందు బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి గురించే చెబుతాను. 1944లో అమెరికా కోస్ట్ గార్డ్ అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలింది. తోడేళ్లు లేవు, నేలంతా దట్టంగా లైకెన్ అనే నాచులాంటి మేత. 1957కి 1,350 అయ్యాయి. 1963 వేసవికి 6,000. మేత అయిపోయి ఆ చలికాలంలో మంద కూలింది. డేవిడ్ క్లైన్ అనే శాస్త్రవేత్త 1966లో మళ్లీ వెళ్లి లెక్కపెడితే మిగిలినవి 42. అందులో 41 ఆడవి, కొమ్ములు సరిగ్గా ఎదగని మగది ఒక్కటి. పిల్ల ఒక్కటీ లేదు. మనుషులం 1974లో 400 కోట్లు, 2022 నవంబర్‌కి 800 కోట్లు. నేల ఇంతమందినే పోషించగలదన్న హద్దు మనకూ ఉందని, దాన్ని ఇప్పటికే దాటామని నేనంటున్నాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

మబ్బుచాటు:
పంతులుగారూ, రెయిన్‌డీర్ తనంతట తాను పిల్లల్ని తగ్గించుకోదు. మనిషి తగ్గించుకుంటున్నాడు. 1960ల చివర్లో ప్రపంచ జనాభా ఏటా 2 శాతానికి పైగా పెరిగేది. ఇప్పుడు 1 శాతం కూడా లేదు. అప్పట్లో ఒక్కో మహిళకు సగటున ఐదుగురు పిల్లలు, ఇప్పుడు రెండుంపావు. ఐక్యరాజ్యసమితి 2024లో వేసిన అంచనా ప్రకారం 2080లలో సుమారు 1,030 కోట్ల దగ్గర ఆగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఇదంతా ఆకలి చావులతో జరుగుతున్నది కాదు. ఆడపిల్లల చదువు, గర్భనిరోధక సాధనాలు, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా, వీటితో జరుగుతోంది. మీ లెక్కలో వీటికి చోటే లేదు.

ఊరపిచ్చుక:
ఆ జంతువులు చచ్చింది 1963-64 చలికాలంలో పడ్డ మంచుకి కదండీ? తిండి లేక అని ఎలా అంటారు?

లెక్కలపంతులు:
మంచు అక్కడ ఏటా పడేదే. అంతకుముందు చలికాలాలన్నీ దాటుకొచ్చిన మంద ఆ ఒక్క ఏడాదే ఎందుకు కూలింది? క్లైన్ 1957లో చూసిన జంతువులు బలిసి ఉన్నాయి. 1963 నాటికి బరువు బాగా పడిపోయింది. చలికాలంలో వాటికి ఆధారం లైకెన్. అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి గోకి, తొక్కి పాడుచేస్తే మళ్లీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. ఒంట్లో కొవ్వు లేకుండా చలికాలంలోకి వెళ్లాయి కాబట్టే చచ్చాయి.

ఊరపిచ్చుక:
మంచు అంతగా పడకపోతే ఆ ఏడు బతికేవి కదా. నేనడిగేది అదే.

లెక్కలపంతులు:
ఆ ఏడు బతికితే పై ఏడు ఇంకా ఎక్కువ చచ్చేవి!

అడవిదారి:
మీరు ఆ దీవి దాటి బయటికి రండి. భూమ్మీది క్షీరదాలన్నిటి బరువు లెక్కగట్టి 2018లో ఒక అంచనా వేశారు. అందులో మనం పెంచే పశువులు 60 శాతం, మనుషులు 36 శాతం, అడవి జంతువులు 4 శాతం. ఏనుగులు, తిమింగలాలు, ఎలుకలు, గబ్బిలాలు అన్నీ ఆ నాలుగులోనే. హద్దు దాటితే మనకేమవుతుందనే అడుగుతున్నారు అందరూ. మిగతా ప్రాణులకు జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది.

మబ్బుచాటు:
అడవిదారి గారూ, ఆ 60 శాతం తలల లెక్క కాదు, ఎవరు ఏం తింటున్నారన్న లెక్క. పంతులుగారు తలలే లెక్కపెడుతున్నారు. నైజర్‌లో ఒక్కో మహిళకు సుమారు ఆరుగురు పిల్లలు, ఇంధనాల వాడకంతో వెలువడే కార్బన్ డయాక్సైడ్ మనిషికి ఏడాదికి 0.1 టన్ను చుట్టూ. అమెరికాలో ఇద్దరు కూడా లేరు, మనిషికి దాదాపు 14 టన్నులు. ఇప్పుడు చెప్పండి, హద్దు దాటించింది ఎవరు?

లెక్కలపంతులు:
ఇద్దరూ. మీరు ఒకరినే చూపిస్తున్నారు. ఇవాళ ప్రపంచంలో సుమారు సగం మంది తినే తిండి హేబర్-బాష్ పద్ధతిలో, అంటే గాలిలోని నైట్రోజన్‌ను పట్టి, ఫ్యాక్టరీలో చేసిన ఎరువు మీద ఆధారపడి ఉంది. ఆ ఎరువు ఎక్కువగా సహజవాయువుతో చేస్తున్నదే. అంటే మనిషి తెలివి హద్దును చెరిపేయలేదు, భూమిలోంచి అప్పు తెచ్చి వెనక్కి జరిపింది. పేద దేశంలో పుట్టిన బిడ్డ రేపు కరెంటు, బండి, మంచి ఇల్లు కోరుకోకూడదా? కోరుకుంటే మీ 0.1 టన్ను అలాగే ఉంటుందా?

ఇంకో మాట. ఇది నాకు పుస్తకం విషయం కాదు. మేం ఏడుగురం. నేను నాలుగోవాణ్ని. మా పెద్దక్క ఐదో తరగతిలో బడి మానేసి మమ్మల్ని చంకనెత్తుకుని పెంచింది. ఇప్పటికీ బ్యాంకు కాగితాల మీద వేలిముద్రే వేస్తుంది. ఎవరో ఒకరు మా నాన్నకు గట్టిగా చెప్పి ఉంటే, ఇద్దరు చాలని ఒక చట్టం ఉండి ఉంటే, అక్క చదువుకునేది. జనాభా సమస్యే లేదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మబ్బుచాటు:
సమస్యే లేదని నేనెక్కడ అన్నాను? చూపించండి. చదవకుండా జవాబులు రాయకండి.

తులసికోట:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. "గట్టిగా చెప్పి ఉంటే" అన్నారు చూడండి, ఇక ఊరుకోలేను. గట్టిగా చెప్పడమంటే ఏమిటో మా అమ్మనడగండి. మూడో కాన్పు నొప్పుల్లో ఉండగా కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. అది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాగితమని ఆవిడకు తర్వాత తెలిసింది. కుట్లు చీము పట్టి నెలల తరబడి మంచం మీదే ఉంది. నాన్నను ఎవరూ పిలవలేదు, అడగలేదు. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాళ్లలో చాలామంది మగవాళ్లు, పేదవాళ్లు. ఆ తర్వాత ఆ భారం ఆడవాళ్ల మీదికి మళ్లింది. మీరు హద్దు అన్నప్పుడల్లా ఆ హద్దు ఎవరి ఒంటి మీద గీస్తారో నాకు కనబడుతుంది.

లెక్కలపంతులు:
అమ్మా, మీ అమ్మగారికి జరిగింది అన్యాయం. దాన్ని నేను సమర్థించను. కానీ మొమెంటం, అంటే జనాభా ఊపు, దాని సంగతేమిటి? ఇవాళే ప్రతి జంటా ఇద్దరితో ఆపినా, కాన్పు వయసుకు వచ్చేవాళ్లు ఎక్కువగా ఉన్నారు కాబట్టి జనాభా ఇంకా కొన్ని దశాబ్దాలు పెరుగుతుంది. అందరి మనసూ మారేదాకా ఆగే తీరిక అడవులకు ఉందా? చట్టం అంటే కత్తే కానక్కర్లేదు.

తులసికోట:
కింది ఉద్యోగికి ఇన్ని కేసులు తేవాలని టార్గెట్ పెట్టాక అది కత్తి దగ్గరికే వస్తుంది సార్. మా అమ్మ దగ్గరికి కాగితం అలాగే వచ్చింది.

మబ్బుచాటు:
వేగం కోసమే చట్టం అంటే చైనాను చూడండి. ఒక్క బిడ్డ చట్టం 1980లో వచ్చింది. అంతకుముందు పదేళ్లలోనే ఒక్కో మహిళకు పిల్లల సగటు ఆరుకు దగ్గర్నుంచి మూడు లోపుకి పడిపోయింది. ఆ 1970లలో కూడా ఒత్తిడి లేకపోలేదు, కానీ పెద్ద దిగుడు మాత్రం ఆ చట్టానికి ముందే జరిగింది. ఇక ఇరాన్. 1980ల మొదట్లో ఆరుకు పైగా ఉన్నది ఇరవై ఏళ్లలో రెండు దగ్గరికి దిగింది. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు పెట్టారు, ఆడపిల్లల్ని చదివించారు. కేరళ కూడా బలవంతం లేకుండానే 1980ల చివరికి రెండుకు దిగింది. పంతులుగారూ, మీ అక్కకు కావలసింది మీ నాన్నకు చట్టం కాదు, ఆవిడకు బడి.

లెక్కలపంతులు:
బడి ఉంది. చిన్న తమ్ముళ్లను చూసుకోవడానికే కదా మానిపించారు. బడి కట్టినంత మాత్రాన ఆగుతుందనుకోవడం తప్పు.

తులసికోట:
మరి మీ అమ్మగారికి నాలుగో బిడ్డ కావాలా అని ఎవరైనా అడిగారా? అడిగి, ఆవిడ వద్దంటే, వద్దన్నది జరిగేలా చేసే క్లినిక్ దగ్గర్లో ఉందా? నేనడిగేది అదే.

లెక్కలపంతులు:
లేదు. అడిగి ఉండరు కూడా.

సరే, క్లినిక్, బడి ముందు అన్నారు, అలాగే పెట్టండి. చట్టం మాట మళ్లీ ఎత్తను. కానీ అడవిదారి గారు చెప్పిన ఆ 4 శాతం ఇంకా తగ్గకుండా ఈలోగా ఎవరు ఏం వదులుకుంటారు? పిల్లలు తక్కువున్న దేశాలు మాంసం, విమానాలు తగ్గించుకుంటాయా? దానికి మబ్బుచాటు గారు జవాబు చెప్పాలి.