మలుపు దగ్గర ఒక్క బాణం గుర్తు చాలునా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

నమస్కారమండీ. ఇటీవల చంద్రగిరి వైపు పల్లెల మీదుగా జరిగిన ఒక హాఫ్ మారథాన్‌లో పాల్గొన్నాను. పదహారో కిలోమీటరు దాటాక ఒక మామిడితోపు దగ్గర దారి రెండుగా చీలింది. అక్కడ ముగ్గుపిండితో గీసిన బాణాన్ని తెల్లవారుజామున ఆవుల మంద తొక్కుకుంటూ పోవడంతో, మేము చేరేసరికి మట్టిలో తెల్లటి మరక తప్ప ఏమీ మిగలలేదు. నలుగురం ఎడమకు తిరిగాము. కిలోమీటరున్నర పోయాక, ఎదురొచ్చిన పాలవ్యాను డ్రైవరు చెబితే గానీ తప్పు తెలియలేదు. నీళ్ళు పెట్టిన బల్ల అసలు దారిలో ఉన్నందున, వెళ్ళిన దూరమంతా గుక్కెడు నీళ్ళు లేకుండానే తిరిగి రావలసి వచ్చింది. మాలో ఒకరికి పిక్కలు పట్టేసి రోడ్డు పక్కనే కూలబడ్డారు. నిర్వాహకులను అడిగితే, మ్యాపు వాట్సాప్‌లో ముందే పంపామన్నారు. త్వరలో మా బృందం కూడా ఒక పోటీ పెట్టబోతోంది. గుర్తులు ఎలా పెట్టాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు నుంచి)

మ్యాపు పంపామనడం సమాధానం కాదండీ. పదిహేను కిలోమీటర్లు పరుగెత్తిన మనిషికి ఒంట్లో సత్తువతోపాటు ఆలోచన కూడా మందగిస్తుంది; అతడు మ్యాపును తలచుకోడు, ముందు వెళ్ళేవారి వీపును చూసి అటే వెళతాడు. 2013లో ఇంగ్లండులోని సండర్లాండ్‌లో జరిగిన మారథాన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. రెండు, మూడు స్థానాల్లో ఉన్నవారు దారి తప్పగా, వెనుక వస్తున్న సుమారు 5,000 మంది వారినే అనుసరించి 264 మీటర్లు తక్కువ పరుగెత్తారు. మొదటి స్థానంలో ఉన్న ఒక్కరే 42.195 కిలోమీటర్లు పూర్తి చేశారు.

మలుపు ఎక్కడో చెప్పే గుర్తు ఒక్కటే చాలదు. మలుపుకు ముందొకటి, మలుపు దగ్గర ఒకటి ఉండాలి. తిరిగాక యాభై అడుగులలోపే, సరిగ్గానే వస్తున్నారని ధైర్యం చెప్పే గుర్తు మరొకటి ఉండాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ చివరిదే, అందరూ మరిచిపోయేదీ ఇదే. వెళ్ళకూడని దారికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి, ఇంటూ గుర్తున్న అట్ట తగిలించండి. ముగ్గుపిండిని నమ్ముకోకండి, నాలుగు చినుకులు పడితే ఆనవాలు కూడా ఉండదు.

జవాబు (తిరుపతి నుంచి)

పై మాటలకు ఒకటి చేరుస్తాను. రిబ్బన్లను కంటి ఎత్తున, దారికి ఎప్పుడూ ఒకే పక్కన కట్టండి; కింద కడితే మేకలు వదలవు. వేకువనే మొదలుపెట్టేట్లయితే వెలుతురు పడగానే మెరిసే టేపు తప్పనిసరి. శేషాచలం అంచున ఉన్న దారుల్లో ఏనుగులు, చిరుతలు తిరుగుతాయి కాబట్టి అక్కడ దారి తప్పడమంటే టైము పోవడం ఒక్కటే కాదు. ముందురోజు కట్టినవి తెల్లారేసరికి ఉంటాయన్న నమ్మకం లేదు; పోటీకి గంట ముందు, ఆ దారి ఎరగని మనిషినొకరిని గుర్తుల ఆధారంగానే సైకిలు మీద పంపండి. అతడు ఆగి అటూ ఇటూ చూసిన ప్రతిచోటా ఇంకో గుర్తు కావాలన్నమాటే. చివరగా వచ్చేవారి వెనుకే ఇద్దరు నడుస్తూ రిబ్బన్లన్నీ విప్పి తేవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సైకిలు మీద పంపేందుకు రేణిగుంట నుంచి మా బావమరిదిని పిలిపిస్తున్నాను, అతడు ఆ పల్లెల వైపు ఎన్నడూ రాలేదు. మామిడితోపు దగ్గర మాత్రం గుర్తులతోపాటు ఒక మనిషిని కూడా, ఆఖరివారు దాటేదాకా, నిలబెడతాము.