హెచ్‌ఎంటీని మూయడం తప్పా, అంత ఆలస్యంగా మూయడం తప్పా?

బాలానగర్ ఫిట్టర్:
2016 జనవరిలో ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీకి చెందిన వాచీల కంపెనీ హెచ్‌ఎంటీ వాచెస్‌తో పాటు, మన హైదరాబాద్ మౌలాలీలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ ఫ్యాక్టరీనీ మూసేయాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. అక్టోబర్‌లో హర్యానాలోని పింజోర్‌లో ఉన్న హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వంతు వచ్చింది. అది సరైన పనేనని ఇప్పటికీ చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1953లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ లోహాన్ని చెక్కే లేత్‌ మెషిన్లతో పాటు పనివాళ్లనూ తయారు చేసింది. అక్కడ పని నేర్చినవాళ్లు ఎన్ని చిన్న షాపులు నిలబెట్టారో బాలానగర్‌లో అడగండి.

ఖాతా పుస్తకం:
పనితనం సంగతి నిజమే అన్నా. కానీ 1991 తర్వాత దిగుమతి సుంకాలు తగ్గాయి, జపాన్, తైవాన్ నుంచి కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు వచ్చాయి. ఆర్డర్లు లేని ఫ్యాక్టరీకి ఎన్నేళ్లని జీతాలివ్వాలి? పింజోర్ బకాయిలకు, స్వచ్ఛంద పదవీ విరమణ పథకానికే (వీఆర్‌ఎస్) 718 కోట్లకు పైగా అయ్యాయి. అదంతా జనం కట్టిన పన్నే కదా.

టర్నర్ గారి అమ్మాయి:
మీరిద్దరూ మూయాలా వద్దా అంటున్నారు. నా బాధ మధ్యలో పోయిన ఏళ్ల గురించి. 2000లో మెషిన్ టూల్స్, వాచీలు వేరే కంపెనీలుగా విడదీసి పునర్‌వ్యవస్థీకరణ అన్నారు. ఆ తర్వాత పదహారేళ్లు సాగదీశారు. 2016లో వీఆర్‌ఎస్‌ను 2007 నాటి జీతాల స్కేలు లెక్కన ఇస్తే అదే మంచి ప్యాకేజీ అన్నారు. అంటే అప్పటిదాకా వాళ్లు అంతకంటే పాత స్కేలు మీదే బతికారన్నమాట!

మా నాన్న పని చేసింది అక్కడ కాదు, వేరే ప్రైవేట్ మెషిన్ల కంపెనీలో. జీతం వచ్చే నెల, వచ్చే నెల అంటూ మూడేళ్లు గడిపారు. రోజూ టిఫిన్ బాక్స్ పట్టుకుని వెళ్లి, ఆర్డర్ లేని లేత్‌ను తుడిచి, నూనె రాసి వచ్చేవారు. ఇంట్లో మాకు ఒకటే టెన్షన్. చివరికి లెక్క తేల్చి పంపేసరికి ఆయనకు యాభై దాటింది. ఏ షాపుకు వెళ్లినా వయసు అడిగి వెనక్కి పంపారు. నలభై ఏడుకే వదిలేసి ఉంటే కచ్చితంగా ఎక్కడో చేరేవారు.

బాలానగర్ ఫిట్టర్:
అమ్మా, ఇది నాకు తట్టలేదు. అయినా మూయడం సరైనదని మాత్రం అనలేను. 2024లో భారీ పరిశ్రమల మంత్రి అయ్యాక కుమారస్వామి హెచ్‌ఎంటీని మళ్లీ నిలబెడతామన్నారు కదా. నాకు ఆశ ఉంది.

టర్నర్ గారి అమ్మాయి:
నిలబెడితే నాకూ సంతోషమే అన్నా. కానీ ఏ సంవత్సరానికి ఏ మెషిన్ చేస్తారో, డబ్బు ఎంత పెడతారో ముందే కాగితం మీద రాసివ్వాలి. కుదరకపోతే ఆ మాట మొదటి ఏడాదే చెప్పాలి.