జావా నుంచి గో ప్రోగ్రామింగ్ భాషకు మారేవారు ముందుగా తెలుసుకోవలసిన సింటాక్స్ ఏమిటి?

ప్రశ్న (పాతకాపు):
నేను పన్నెండేళ్లుగా జావాలోనూ, అంతకుముందు కొంతకాలం సీలోనూ పనిచేశాను. మా బృందం కొత్త సర్వీసులన్నీ గోలో రాయాలని నిర్ణయించింది కనుక, వచ్చే వారం నుంచి ఆ కోడును నేనే సమీక్షించవలసి ఉంది. లూప్ అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పే పాఠాలే ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. జావా అలవాటుతో రాసుకుపోతే ఎక్కడ దెబ్బతింటానో తెలిసినవారు చెప్పగలరా? ముఖ్యంగా := ఎప్పుడు వాడాలో, = ఎప్పుడు వాడాలో నాకు ఇంకా స్పష్టం కాలేదు.

జవాబు (గోదారిగట్టు):
భాష చిన్నదేనండి, కీవర్డులు మొత్తం 25. వైల్, డూ-వైల్ లేవు, అన్ని రకాల లూపులకూ ఫర్ ఒక్కటే. టెర్నరీ (?: గుర్తు) లేదు. ++ ఒక స్టేట్‌మెంట్ మాత్రమే కనుక దాన్ని మరో ఎక్స్‌ప్రెషన్‌లో ఇరికించలేరు. స్విచ్‌లో ఒక కేసు నుంచి తర్వాతి కేసులోకి దానంతటదే జారదు, కాబట్టి బ్రేక్ రాయనక్కరలేదు. ఇఫ్ షరతుకు మామూలు బ్రాకెట్లు అక్కరలేదు గానీ, ఒక్క వరుసే ఉన్నా ఫ్లవర్ బ్రాకెట్ తప్పనిసరి. దాన్ని కింది వరుసలో తెరిస్తే కంపైల్ కాదు, ఎందుకంటే పై వరుస చివర సెమీకోలన్‌ను లెక్సర్ (కోడును ముక్కలుగా చదివే కంపైలర్ భాగం) తానే చేర్చేస్తుంది.

జవాబు (రాత్రిడ్యూటీ):
:= కొత్త వేరియబుల్‌ను ప్రకటించి విలువ ఇస్తుంది, = ఉన్నదానికే విలువ ఇస్తుంది. := ఫంక్షన్ లోపల మాత్రమే చెల్లుతుంది, దాని ఎడమవైపు కనీసం ఒక్క పేరైనా కొత్తదై ఉండాలి. అదే స్కోపులో ముందే ఉన్న పేర్లకు కేవలం విలువ మారుతుంది. చిక్కంతా లోపలి బ్లాకులోనే ఉంది, ఎందుకంటే అక్కడ := రాస్తే ఎడమవైపు పేర్లన్నీ కొత్తవే అవుతాయి. నేను ఒకసారి ఫంక్షన్ పైభాగంలో లోపాన్ని ఉంచుకునే వేరియబుల్ ఎర్‌ను ప్రకటించి, ఇఫ్ బ్లాకులో డేటాబేస్ అప్‌డేట్ ఫలితాన్ని, ఎర్‌ను కలిపి := తో తీసుకున్నాను. అప్‌డేట్ విఫలమైంది, లోపం లోపలి ఎర్‌లోనే ఉండిపోయింది, చివర ఏ లోపమూ లేదని చెప్పే నిల్‌గా ఉన్న బయటి ఎర్‌ను తిరిగి పంపాను. లోపలి ఎర్‌ను లాగ్‌లో రాశాను కనుక, వాడని వేరియబుల్ ఉందని కంపైలర్ కూడా ఆపలేదు. కోడులో అనుమానాస్పదమైనవాటిని చూపే గో వెట్ అనే సాధనం మామూలుగా దీన్ని పట్టుకోదు, లోపలి పేరు బయటి పేరును కప్పేయడాన్ని చూపే షాడో తనిఖీని విడిగా అమర్చుకోవాలి. సమీక్షలో ఇఫ్ లోపల := కనిపిస్తే కాస్త ఆగి చూడండి.

జవాబు (గుణింతం):
పబ్లిక్, ప్రైవేట్ అనే మాటలు గోలో లేవు. పేరు పెద్దక్షరంతో మొదలైతేనే ప్యాకేజీ బయటికి కనిపిస్తుంది. సరదాకి తెలుగులో పేర్లు పెట్టి చూశాను: "ధర" అన్న వేరియబుల్ చక్కగా కంపైల్ అయింది, "పేరు" అంటే ఒప్పుకోలేదు. ఐడెంటిఫయర్లలో అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి, మన గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో అక్షరాల కింద లెక్కకు రావు. ఆ "ధర" కూడా ప్యాకేజీ దాటదు, తెలుగులో పెద్దక్షరాలు లేవు కదా!

పాతకాపు:
అందరికీ ధన్యవాదాలు. ఫర్ లూప్ వేరియబుల్‌ను క్లోజర్లో (బయటి వేరియబుల్‌ను వాడుకునే లోపలి ఫంక్షన్‌లో) పట్టుకుంటే చివరి విలువే వస్తుందని ఎక్కడో చదివాను. అది ఇప్పటికీ నిజమేనా?

గోదారిగట్టు:
2024 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.22 నుంచి ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ వస్తుంది. అయితే మాడ్యూల్ ఫైలులోని గో వరుసలో 1.22 లేదా అంతకు మించిన వెర్షన్ ఉంటేనే ఇది వర్తిస్తుంది కాబట్టి, పాత రిపాజిటరీ తెరిచినప్పుడు ముందు ఆ వరుస చూడండి.