మూడు రైఫిళ్లకు ఒకే తుపాకిమందు సరిపోతుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): టెక్సస్‌లో స్థిరపడిన మా బావగారు .223 రెమింగ్టన్, .308 వించెస్టర్, .30-06 తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకుంటారు. ఒక్కోదానికి ఒక్కో డబ్బా కొనకుండా, మూడింటికీ పనికివచ్చే మందు ఏదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి): మధ్యస్థ వేగంతో మండే వార్గెట్ అనే మందు గానీ, ఐఎంఆర్ 4064 అనే మందు గానీ మూడింటికీ పనిచేస్తాయి. ఎండలోనూ చలిలోనూ వార్గెట్ తీరు పెద్దగా మారదన్న పేరుంది కనుక, టెక్సస్ వేసవికి నా ఓటు దానికే. అయితే .223లో అది బరువైన గుండ్లకే బాగా అమరుతుంది. పైగా సన్నని పుల్లముక్కల్లాంటి దాని గింజలు కొలత యంత్రంలో కరకరమని తెగుతూ, ఆ చిన్న కేసు (మందు నింపే తూటా గొట్టం) మూతి దగ్గర అడ్డుపడుతూ విసిగిస్తాయి.

జవాబు (గుణుపురం నుంచి): .223నే ఎక్కువగా కాలుస్తారంటే, గుండ్రని గింజల సీఎఫ్‌ఈ 223 అనే మందు కొలతకు సుళువు; .308లోనూ నడుస్తుంది. మోతాదు మాత్రం తయారీదారు పట్టికలో ఆ తూటాకూ, ఆ గుండు బరువుకూ ఇచ్చినదే తీసుకుని, కనిష్ఠం నుంచి మొదలుపెట్టాలి. హెచ్ 4895, ఐఎంఆర్ 4895 అంకెలు ఒకటే అయినా మందులు వేరు, ఒకదాని లెక్క మరొకదానికి వాడరాదు.

రాయగడ నుంచి మళ్లీ: ఇది చదివి మన జిల్లాల్లో ఎవరూ పూనుకోవద్దు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.